టెన్నిస్ కోసం అమెరికా కాలేజీకి వెళ్లాలనుకుంటున్న చిన్నీకి

చిన్నీ, పెదనాన్న ఆశీస్సులు.

మసాచుసెట్స్ నుంచి టెన్నిస్ కోచ్ మెయిల్ పంపిందని మీ నాన్న సంబరంగా చెప్పాడు. స్కాలర్‌షిప్ కూడా వస్తుందనుకుంటున్నాడు. రాదమ్మా. విలియమ్స్, అమ్హర్స్ట్, బౌడిన్ లాంటి చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు (సైన్సు, సాహిత్యం, కళలు అన్నీ కలిపి డిగ్రీ స్థాయిలో నేర్పేవి) అమెరికాలో కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏలో డివిజన్ త్రీ, అంటే మూడో విభాగం కింద ఆడతాయి. అక్కడ ఆటకు డబ్బివ్వరు. సాయం ఎక్కువగా కుటుంబ ఆదాయాన్ని బట్టే ఉంటుంది. నాన్నను ఆదాయం కాగితాలు ఇప్పుడే సిద్ధం చేయమను.

నాకైతే ఈ పద్ధతే నచ్చుతుంది. రేపు మోకాలు దెబ్బతిన్నా, రెండో ఏడాది ఆట వద్దనిపించినా ఆ కారణంగా నీ సాయం ఆగదు. అందుకే, రాకెట్ పక్కన పెట్టేసినా నువ్వు సంతోషంగా చదువుకోగల కాలేజీనే ఎంచుకో.

"నువ్వు మాకు కావాలి" అని కోచ్ అన్నంత మాత్రాన సీటు వచ్చేసినట్టు కాదు. సీటు ఇచ్చేది అడ్మిషన్ ఆఫీసు. నీ మార్కులు ముందుగా వాళ్లకు చూపించి ఏమన్నారో చెప్పమని కోచ్‌ను అడుగు. దీన్ని ప్రీ-రీడ్ అంటారు. తర్వాత కోచ్ నిన్ను ఎర్లీ డెసిషన్‌లో అప్లై చెయ్యమనవచ్చు. సీటొస్తే చేరతానని మాటిచ్చినట్టే అది. ఎంత సాయం రావచ్చో కాలేజీ వెబ్‌సైట్‌లోని క్యాలిక్యులేటర్‌లో చూసుకోకుండా ఒప్పుకోవద్దు.

ఇంకొకటి మొహమాటం లేకుండా అడగాలి. ఒక మ్యాచ్‌లో 6 సింగిల్స్, 3 డబుల్స్ ఉంటాయి. జట్టులో 12 మంది ఉంటే సగం మందికి సింగిల్స్ ఆడే అవకాశమే రాదు. నా యూటీఆర్‌కు (ఆటగాళ్ల స్థాయిని చెప్పే రేటింగ్‌కు) జట్టులో ఏ స్థానం దొరుకుతుంది, నేను చేరేనాటికి ఎంతమంది సీనియర్లు వెళ్లిపోతారు అని అడుగు. మంచి కోచ్ సూటిగా చెబుతుంది. మాట దాటేస్తే అదీ ఒక జవాబే.

చేరాక అసలు టెన్షన్ టైమ్‌టేబుల్‌తో. నీకు కెమిస్ట్రీ ఇష్టం కదా, ల్యాబులు సాధారణంగా మధ్యాహ్నాలే పెడతారు. ప్రాక్టీసూ దాదాపు అప్పుడే. కోర్సులు ఎంచుకునే ముందే కోచ్‌తో మాట్లాడు. ముఖ్యమైన సీజన్ వసంతంలో వస్తుంది. మార్చిలో ఇంకా మంచు ఉంటే ఇండోర్ కోర్టుల్లో ఆడతారు, బయటి మ్యాచ్‌లకు గంటల తరబడి బస్సు ప్రయాణం. క్లాసులో పదిహేను మందే ఉంటే నువ్వు రాని రోజు ప్రొఫెసర్‌కు ఇట్టే తెలిసిపోతుంది. సెమిస్టర్ మొదటి వారంలోనే మ్యాచ్ తేదీలు ఆయన చేతిలో పెట్టు.

మెయిల్‌కు జవాబు నువ్వే రాయి, నాన్నతో రాయించకు. వీడియోలో గెలిచిన పాయింట్లు మాత్రమే ఏరి పెట్టకుండా ఒక సెట్ మొత్తం పంపు. ఆదివారం లోపు రాసేస్తే పంపే ముందు నేనూ ఒకసారి చూస్తాను.

పెదనాన్న