తాతగారిలా ఆస్పత్రిలో పనిచేస్తానంటోంది!

ప్రశ్న: మాది నరసన్నపేట. మా నాన్నగారు విశాఖలో ఒక వైద్య కళాశాల ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరి, అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరుగా రిటైరయ్యారు. తర్వాత ఊరొచ్చి, ఓపిక ఉన్నన్నాళ్లూ శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో రోగులకు ఉచితంగా సాయపడ్డారు. ఈమధ్యే కాలం చేశారు. పెద్దకర్మకు వచ్చినవాళ్ల మాటలు విన్న దగ్గర్నుంచి మా అమ్మాయి నీట్ లాంగ్‌టర్మ్ వద్దు, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో బీబీఏ చేస్తానంటోంది. తను బైపీసీ పూర్తిచేసింది. రెండింటిలో ఏది మేలు?

జవాబు: మీ పూర్తి ఉత్తరంలో ప్రశ్న రెండు ముక్కల్లో అడిగి, నాన్నగారి గురించి మాత్రం పేజీలు రాశారండీ. ఓపీ చీటీ ఎక్కడ రాస్తారో తెలియక నిలబడ్డవాళ్లను కౌంటర్ దాకా తీసుకెళ్లడం, ఆరోగ్యశ్రీ కార్డు ఇంట్లో మరిచిపోయి వచ్చినవాళ్ల తరఫున ఆరోగ్యమిత్రతో మాట్లాడటం, సీతంపేట వైపు నుంచి వచ్చిన సవరలకు వాళ్ల భాషలోనే నాలుగు మాటలు చెప్పి భయం పోగొట్టడం, రక్తం కావాలంటే ఎవరినో ఒకరిని రెడ్‌క్రాస్‌కి పరుగెత్తించడం. ఇవన్నీ రాసి చివర్లో ‘ఇవేం ఉద్యోగాలు కావు కదా’ అన్నారు. అక్కడే నాకు కాస్త కోపం వచ్చింది.

ఆయన సర్వీసు సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశారు గానీ అసలు చదువు అక్కడే జరిగింది. హౌస్‌సర్జన్ల స్టైపెండ్ బిల్లు వేళకు ట్రెజరీకి వెళ్లాలి. మెడికల్ కౌన్సిల్ తనిఖీ ఉందంటే ప్రతి అధ్యాపకుడి సర్వీసు కాగితమూ సిద్ధంగా ఉండాలి, ఒక్కటి కనపడకపోయినా ఆఫీసంతా టెన్షనే. ఏ కాగితం ఏ టేబుల్ మీద ఆగుతుందో ఏళ్ల తరబడి చూసిన మనిషి కాబట్టే, రిటైరయ్యాక పదవి లేకపోయినా పెద్దాసుపత్రిలో పేదవాడి పని చేయించగలిగారు. జాలి ఒక్కటే ఉంటే సరిపోయేది కాదు.

ఇక బీబీఏ. ఇంటర్ అవగానే చేసే ఈ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీల మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. బ్రోచర్‌లో కోటు వేసుకున్న అమ్మాయి పెద్ద గదిలో కూర్చుని ఉంటుంది. చేరాక చాలామందికి దొరికేది ఫ్రంట్ ఆఫీసు, బిల్లింగ్, ఇన్సూరెన్స్ డెస్క్, అదీ షిఫ్టుల్లో. ఆ పనులు చిన్నవని నేననను. కానీ వాటికి ఆ డిగ్రీయే అక్కర్లేదు, ఏ డిగ్రీ ఉన్నా తీసుకుంటారు. పైమెట్లు ఎక్కాల్సి వచ్చినప్పుడు పక్కన పోటీకి డాక్టర్లుంటారు. ప్రభుత్వ ఆస్పత్రి సూపరింటెండెంట్, కాలేజీ ప్రిన్సిపాల్ డాక్టర్లే. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆస్పత్రి పరిపాలన పీజీకి కూడా ఎంబీబీఎస్ ఉండాలి. ఇవి ఏ కాలేజీ వాళ్లూ అడ్మిషన్ల వేళ చెప్పరు. ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అంటే ఏ ఆస్పత్రిలో, ఏ పోస్టులో అని అడగండి. పోయినేడాది బయటికెళ్లిన పిల్లల ఫోన్ నంబర్లు ఇవ్వమనండి. ముఖం తిప్పుకుంటే మీకు జవాబు దొరికినట్టే.

అలాగని అమ్మాయిని లాంగ్‌టర్మ్ హాస్టల్‌కి పంపేయమని కాదు. మీ అసలు భయం సీటు గురించి కాదు, నిజం చెప్పండి. జీవితమంతా వైద్య కళాశాలలో గడిపిన మనిషి ఇంట్లో ఒక్క డాక్టరూ లేడేమిటని బంధువులు అంటారని. ఆ మాట మీ నాన్నగారు ఎన్నడైనా అన్నారా? మీ ఉత్తరమంతా వెతికినా కనపడలేదు. మనసు లేని పిల్లను ఇంకో ఏడాది గదిలో పెట్టి బట్టీ పట్టించడం ఆయన పేరు నిలబెట్టినట్టు ఎలా అవుతుందో నాకైతే అర్థం కాలేదు.

అమ్మాయిది తాత పోయిన దుఃఖంలో పుట్టిన ఆవేశమేమో అన్న సందేహం మీకుంది. ఉండొచ్చు. అది తేలాలంటే కాలేజీ కాదు, ఆస్పత్రి కావాలి. తాతగారు తిరిగిన చోటే ఈ సెలవుల్లో అనుమతి తీసుకుని సాయానికి వెళ్లనివ్వండి. వాసన, అరుపులు, గంటల కొద్దీ క్యూలు చూశాక కూడా మర్నాడు పొద్దున్నే తయారవుతోందంటే నమ్మండి.

పని దొరకదన్న బెంగ వద్దు. మీ నాన్నగారు ఉద్యోగంలో చేరేనాటికి మీ జిల్లాలోనూ, విజయనగరంలోనూ వైద్య కళాశాలే లేదు. ఇప్పుడు శ్రీకాకుళంలో 2008 నుంచి ప్రభుత్వ కళాశాల ఉంది, రాగోలులో, నెల్లిమర్లలో ప్రైవేటువి ఉన్నాయి, విజయనగరంలో 2023లో ప్రభుత్వానిదే మొదలైంది. అదే ఏడాది పలాసలో ఉద్దానం కిడ్నీ రోగుల కోసం 200 పడకల ఆస్పత్రి తెరిచారు. వీటన్నిటికీ డాక్టర్లు కానివాళ్లూ కావాలి.

బైపీసీ పిల్ల కాబట్టి డయాలసిస్ లాంటి అలైడ్ హెల్త్ (వైద్య అనుబంధ) డిగ్రీ చేస్తే చేతిలో పని ఉంటుంది. మామూలు బీఎస్సీ అయినా ఫర్వాలేదు. ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో ఆస్పత్రి పరిపాలన పీజీకి ఏ డిగ్రీ ఉన్నా చాలు. తాతగారి కుర్చీయే కావాలంటే డిగ్రీ తర్వాత గ్రూప్-4 రాసి జూనియర్ అసిస్టెంటుగా మొదలుపెట్టొచ్చు. బీబీఏ కాలేజీ వాళ్లు సీటు ఆపడానికి అడ్వాన్సు అడుగుతున్నారని రాశారు. అది మాత్రం కట్టకండి.