మూడు కెమెరాలకూ దొరకని మోచెయ్యి

చిరంజీవికి ఆశీస్సులు.

ఆపరేషన్ థియేటర్‌లో మనుషుల భంగిమల్ని కెమెరాల ద్వారా కంప్యూటర్ ఎలా గుర్తిస్తుందో నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి రెండు పేరాలూ కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. కృత్రిమ మేధ వైద్యరంగాన్ని మార్చేస్తోందన్న మాట ఎక్కడ పెట్టినా అతుకుతుంది, అందుకే పనికిరాదు.

పాఠకుణ్ణి నేరుగా ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లు. అందరివీ ఒకే రంగు గౌన్లు, మాస్కులు, టోపీలు. బల్ల చుట్టూ భుజాలు రాసుకుంటూ నిలబడతారు. తల మీద లైట్లు, పక్కన ఎక్స్‌రే యంత్రం. ఒక కెమెరాకి సర్జన్ వీపు తప్ప ఏమీ కనబడదు. ఆయన చేతులు చూడాలంటే ఎదుటి గోడ నుంచి చూడాలి. అక్కడి నుంచి చూస్తే నర్సు మోచెయ్యి లైటు వెనక దాక్కుంటుంది. ఇన్ని కెమెరాలు ఎందుకని ఇక ఎవరూ అడగరు. ఇన్ని కెమెరాలు ఎందుకో చెప్పడానికే నువ్వు ఆరు వాక్యాల నిర్వచనం రాశావు!

ఇక అంకెలు. స్ట్రాస్‌బర్గ్ పరిశోధకులు 2018లో వెలువరించిన ఎంవీఓఆర్ డేటాసెట్‌ను, అంటే మనుషుల్ని గుర్తుపెట్టి ఉంచిన థియేటర్ బొమ్మల సేకరణను, బాగానే ఎంచుకున్నావు. నాలుగు రోజుల పాటు నిజమైన చికిత్సలు జరుగుతుండగా మూడు డెప్త్ కెమెరాలతో, అంటే దూరాన్ని కూడా కొలిచే కెమెరాలతో, తీసినది అది. కానీ '4,699 మందిలో 1,061 మందికే 3డీ భంగిమ దొరికింది' అన్నావు. అది తప్పు. 4,699 అంటే మనుషులు కారు, బొమ్మల్లో మనుషుల చుట్టూ గీసిన పెట్టెలు. ఒకే క్షణాన ఒకే మనిషి మూడు కెమెరాల్లోనూ పడితే మూడు పెట్టెలు, 3డీలో మాత్రం ఒక్క భంగిమే. ఒకే క్షణానివైన ఫ్రేముల కట్టలు 732, అంటే బొమ్మలు 2,196. సగటున బొమ్మకి ఇద్దరు మనుషులు, కాస్త పైన. అంకెని వాడేముందు అది దేన్ని లెక్కపెట్టిందో అడుగు. నేనూ ఒకసారి ఇలాగే బోల్తాపడ్డాను, అచ్చయ్యాక తెలిసింది.

హ్యూమన్3.6ఎం అనే మరో భంగిమల డేటాసెట్ గురించిన పేరా తీసెయ్యకు, కిందికి జరుపు. స్టూడియోలో నటులు, నాలుగు కెమెరాలు, అడ్డేమీ లేని నేల. థియేటర్ గది ఎంత ఇరుకో ఆ పోలికతో తెలుస్తుంది. మ్యూనిక్ పరిశోధకుల 4డీ-ఓఆర్ డేటాసెట్‌కి ఒక్క వాక్యం చాలు: ఆరు కెమెరాల ముందు నటించి చూపిన మోకాలి మార్పిడి ఆపరేషన్లు. నటన కాబట్టి రోగి గోప్యత చిక్కు లేదు. ఎంవీఓఆర్‌లో ముఖాలు మసకబార్చాల్సి వచ్చింది.

నువ్వు అసలు ముట్టుకోనిది ఒకటుంది. ఎంవీఓఆర్‌లో ఒంటి మీద గుర్తించేవి పది బిందువులే, తుంటి నుంచి పైకి ఉన్నవి: తల, మెడ, భుజాలు, మోచేతులు, మణికట్లు, తుంట్లు. వదులు గౌను కింద తుంటి కీలు ఎక్కడుందో కంటికి కనబడదు. గుర్తు పెట్టే మనిషి మడతలు చూసి అంచనా కడతాడు. యంత్రం చెప్పినదాన్ని ఆ అంచనాతో పోల్చే దానికి మార్కులు వేస్తారు. నీ వ్యాసం అక్కడ మొదలైతే నేను చివరిదాకా చదువుతాను.

తిరగరాసి పంపు. పెట్టెల లెక్క మాత్రం ముందు సరిచెయ్యి.