మూడున్నర రూపాయల వడ్డీ అని ముందే చెప్పి ఉంటే తీసుకునేవారా?

ప్రశ్న: సార్, నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. శ్రావణంలో పాప ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నాం, ఆషాఢం సేల్ ఉంది కదా అని జులై 5న ఒక పెద్ద షాపులో బట్టలు, సామాన్లు కలిపి రూ.40,000కు కొన్నాం. ఆ షాపు పేరుతోనే ఉన్న క్రెడిట్ కార్డు మీద కొంటే ఇంకొంచెం తగ్గింపు అన్నారు, ముందు నెల కార్డు తీసుకుని ఉన్నాను కాబట్టి దాని మీదే కొన్నాను. "నెలకు రెండు వేలు కడితే చాలు మేడమ్" అని కౌంటర్లో అబ్బాయి చెప్పాడు. జులై 20న బిల్లు వచ్చింది, ఆగస్టు 8 ఆఖరు తేదీ, ఆ రోజే రూ.2,000 కట్టేశాను. ఆగస్టు 20న వచ్చిన బిల్లు చూస్తే రూ.40,466 అని ఉంది! మధ్యలో ఒక్క రూపాయి వస్తువు కూడా కొనలేదు. నేను కట్టిన రెండు వేలు ఏమైనట్టు? షాపుకు ఫోన్ చేస్తే మాకు సంబంధం లేదంటున్నారు. మా ఆయన టాక్సీ నడుపుతారు, నెలకు ఐదు వేల దాకా కట్టగలం. మా అత్త మాత్రం "వడ్డికాసులవాడి ఊర్లో ఉండి వడ్డీకి భయపడితే ఎట్లా" అంటుంది. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. చవితికి కావలసినవి కూడా దీని మీదే తీసుకోవచ్చా?

జవాబు: అమ్మా, ముందు మీ ఆఖరి ప్రశ్నకు చెబుతాను. వద్దు. ఈ బాకీ సున్నా అయ్యేదాకా ఆ కార్డును బీరువాలో పెట్టేయండి. కారణం కింద చెబుతాను.

మీరు పంపిన బిల్లు ఫోటోలో రెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో "నెలకు 3.5 శాతం" అని ఉంది చూడండి. మన మాటల్లో అది నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. మీ వీధిలో ఎవరైనా వచ్చి మూడున్నర రూపాయల వడ్డీకి నలభై వేలు ఇస్తానంటే మీరు తలుపు కూడా తీయరు. రెండు రూపాయల వడ్డీ అంటేనే ఇంట్లో నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటాం. నేను చిత్తూరులో బ్యాంకు కౌంటర్లో కూర్చున్న రోజుల్లో పాలు పోసే ఒక పెద్దావిడ లోను కోసం వచ్చేది, సంతకం రాదు, వేలిముద్రే. పన్నెండు శాతం అని నేను చెప్పగానే బొటనవేలితో వేళ్ల కణుపులు తాకుతూ పోయి, "అంటే రూపాయి వడ్డీ, అంతే కదా నాయనా" అని తేల్చేసింది. ఆ లెక్క కార్డుకు వేస్తే ఏడాదికి 42 శాతం. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ ఉంది కాబట్టి మీ చేతిలోంచి పోయేది నెలకు నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసలు. శాతాల్లో చెబితే మనకు తగలదు, రూపాయల వడ్డీలో చెబితే కడుపులో కలుక్కుమంటుంది, అందుకే ఎవరు కార్డు ఇస్తామన్నా ముందు "ఎన్ని రూపాయల వడ్డీ" అని అడగమంటాను.

ఇక మీ రెండు వేల సంగతి. బిల్లు మొత్తం, అంటే నలభై వేలూ, ఆగస్టు 8 లోపు కట్టి ఉంటే వడ్డీ పైసా ఉండేది కాదు. కొంత మిగిల్చారు కాబట్టి ఆ వడ్డీ లేని గడువు మొత్తం రద్దయింది. ఇక్కడే చాలామంది పొరపడతారు, మిగిలిన రూ.38,000కు మాత్రమే, అదీ ఆగస్టు 8 నుంచే వడ్డీ అనుకుంటారు. అలా వెయ్యరు. వెనక్కి వెళ్లి, మీరు కొన్న జులై 5 నుంచి ఆగస్టు 8 దాకా 34 రోజులకు పూర్తి రూ.40,000 మీద వేశారు, అది రూ.1,565. తర్వాత ఆగస్టు 20 దాకా 12 రోజులకు రూ.38,000 మీద రూ.525. రెండూ కలిపి రూ.2,090, దాని మీద జీఎస్టీ రూ.376. మొత్తం రూ.2,466. దాన్ని రూ.38,000కు కలపండి, మీ బిల్లులో ఉన్న రూ.40,466 వస్తుంది. బ్యాంకు లెక్క తప్పలేదమ్మా. తప్పు "రెండు వేలు కడితే చాలు" అన్న మాటలో ఉంది. రెండు వేలు కడితే లేట్ ఫీజు పడదు, డిఫాల్టర్ అనరు, అంతవరకే చాలు. వడ్డీ ఆగడానికి చాలదు. మినిమం, అంటే బిల్లులో చూపించే కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే అప్పు తీరడానికి నెలలు, ఏళ్లు పడుతుందని బిల్లు మీదే హెచ్చరిక వేయాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది, మీ బిల్లులోనూ ఉంటుంది చూడండి.

షాపువాళ్లు సంబంధం లేదన్నది ఒక రకంగా నిజమే. కార్డు మీద పెద్ద అక్షరాలతో షాపు పేరున్నా అప్పిచ్చింది బ్యాంకు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి కార్డుల్లో షాపు పని కార్డును జనానికి చేర్చడం, ఆఫర్లు ఇవ్వడం వరకే. ఫిర్యాదైనా, ఈఎంఐ అయినా, రద్దయినా కార్డు వెనక ఉన్న బ్యాంకు నంబరుకే మాట్లాడండి.

ఇంత వడ్డీకి హద్దు లేదా అని మీలాగే చాలామంది అడుగుతారు. 30 శాతం దాటితే అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. కానీ 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కాబట్టి ఇప్పుడు మనల్ని మనమే కాపాడుకోవాలి.

మీరు నెలకు ఐదు వేలు కట్టగలమన్నారు. కార్డులోనే ఉంచి అలా కడితే దాదాపు పది నెలలు పడుతుంది, వడ్డీ, జీఎస్టీ కలిపి సుమారు రూ.9,800 పోతుంది. ఆ డబ్బుతో ఇంకో ఫంక్షన్ ఖర్చు సగం వెళ్లిపోతుంది. ఇంట్లో రెండు గాజులో ఒక గొలుసో ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టి, ఈ బాకీ ఒక్కసారే తీర్చేయండి. పది శాతం వడ్డీకి గోల్డ్ లోను దొరికిందనుకుందాం, అంటే సుమారు ఎనభై మూడు పైసల వడ్డీ. అదే ఐదు వేలు అక్కడ కడితే ఎనిమిదిన్నర నెలల్లో తీరుతుంది, వడ్డీ రూ.1,600 దగ్గర ఆగుతుంది, బంగారం విలువ కట్టే అప్రైజర్ చార్జీ కొంచెం అదనం. బంగారం పెట్టడానికి చాలామంది ఆడవాళ్లు మొహమాటపడతారు, పరువు పోతుందంటారు. ఎనిమిది వేలు ఊరికే పోగొట్టుకోవడం కంటే అది నాకు తప్పుగా అనిపించదు. అయితే ప్రైవేటు తాకట్టు దుకాణానికి వెళ్లొద్దు, అక్కడ మళ్లీ రెండు, మూడు రూపాయల వడ్డీ దగ్గరికే వస్తారు.

బంగారం లేదంటే బ్యాంకుకు ఫోన్ చేసి మిగిలిన బాకీని ఈఎంఐగా మార్చమని అడగండి. వడ్డీ సగానికి సగం తగ్గే అవకాశం ఉంది. ప్రాసెసింగ్ ఫీజు ఎంత, ముందే కట్టేస్తే చార్జీ ఉందా, ఈ రెండూ అడగకుండా సరే అనొద్దు.

ఏ దారిలో వెళ్లినా కార్డుకు కట్టేటప్పుడు ఆఖరు తేదీ కోసం ఎదురుచూడకండి. వడ్డీ రోజువారీ బాకీ మీద పడుతుంది. మీ ఆయనకు రోజూ డబ్బు చేతిలో ఆడుతుంది కదా, సోమవారం సోమవారం పన్నెండు వందల యాభై ఫోన్లోంచే కట్టేయండి, నెలాఖరు దాకా దాచితే అది పెట్రోలుకో, టైరుకో పోతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. 20న బిల్లు తయారయ్యే ముందు కట్టింది ఆ బిల్లులో తగ్గించి చూపిస్తారు తప్ప కొత్త బిల్లు మినిమం కింద లెక్కపెట్టరు. 20 తర్వాత, ఆఖరు తేదీ లోపు కట్టినవి కలిపి మినిమం దాటాయా లేదా చూసుకోండి, లేకపోతే కడుతూ ఉండి కూడా లేట్ ఫీజు కట్టాల్సి వస్తుంది. ఫోన్ యాప్‌లలో కడితే ఒక్కోసారి చేరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఆఖరి రోజు రాత్రి దాకా ఆగొద్దు. లేట్ ఫీజుకు మూడు రోజుల వెసులుబాటు ఉన్న మాట నిజమే, వడ్డీకి మాత్రం అది వర్తించదు. ఆటో డెబిట్ పెట్టుకునేవాళ్లు అక్కడ "మినిమం", "టోటల్" అని రెండు అడుగుతారు, తెలియక మినిమం నొక్కేసి ఏడాదిపాటు వడ్డీ కట్టినవాళ్లను నేను చూశాను.

చవితి సామాన్లు ఎందుకు వద్దన్నానంటే, పాత బాకీ ఉన్నన్నాళ్లూ కొత్తగా కొన్న ప్రతి వస్తువుకూ కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు. మూడు వేల సామానుకు నెలకు రూ.122. పత్రి, ఉండ్రాళ్ల పిండి చేతి డబ్బుతోనే కొనుక్కోండి. మీ అత్తగారికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి, ఆవిడే ముందు ఒప్పుకుంటారు.

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర. తోతాపురి మామిడి కోసి ఫ్యాక్టరీకి తోలాం, డబ్బు రావడానికి రెండు నెలలు పట్టేలా ఉంది. కూలీలకు ఇవ్వాలి. షాపు క్రెడిట్ కార్డు ఉంది, ఏటీఎంలో ముప్పై వేలు తీసుకోమని మా బావమరిది అంటున్నాడు.

జవాబు: తీయకండి అన్నా. కార్డు మీద నగదు తీస్తే వడ్డీ లేని గడువు ఒక్క రోజు కూడా ఉండదు. చాలా బ్యాంకుల్లో తీయగానే రెండున్నర శాతం ఫీజు, అంటే రూ.750, జీఎస్టీతో రూ.885. రెండు నెలలకు వడ్డీ, జీఎస్టీ ఇంకో రూ.2,444. ముప్పై వేలకు మూడు వేల మూడు వందలు పైన పోతుంది. మీకు పాసుపుస్తకం ఉంది కదా, కిసాన్ క్రెడిట్ కార్డు తీసుకున్నారా? ఉంటే అందులో పరిమితి మిగిలిందేమో బ్యాంకులో కనుక్కోండి. రూ.3 లక్షల దాకా స్వల్పకాలిక పంట రుణం 7 శాతానికి ఇస్తారు, గడువులోపు కట్టేస్తే రాయితీ పోను 4 శాతమే. అదే ముప్పై వేలకు రెండు నెలల వడ్డీ రెండు వందలు కూడా కాదు. పేరు రెండిటికీ క్రెడిట్ కార్డే, ఒకటి 42, ఇంకొకటి 4. కిసాన్ కార్డు లేకపోతే ఈ సీజన్‌కు కుదరకపోయినా వచ్చే కోతల లోపు తప్పక చేయించుకోండి.

ప్రశ్న: చిత్తూరు, గ్రీమ్స్‌పేట నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి చెన్నైలో పని చేస్తాడు. షాపు కార్డు మీద కొన్ని నెలలు మినిమం కడుతూ వచ్చి, చివరికి బిల్లులో ఉన్న రూ.28,600 మొత్తం కట్టేసి, కార్డును కత్తెరతో కోసి పడేశాడు. ఇప్పుడు పదమూడు వందల చిల్లర బాకీ ఉందని రాత్రి తొమ్మిదింటికి ఫోన్లు చేస్తున్నారు. మొత్తం కట్టాక బాకీ ఎక్కడిది?

జవాబు: కార్డు ముక్కలైంది కానీ ఖాతా అలాగే ఉందండీ. బిల్లు తయారైన రోజు నుంచి మీవాడు డబ్బు కట్టిన రోజు వరకు, 19 రోజులనుకుంటే, ఆ రూ.28,600 మీద వడ్డీ నడుస్తూనే ఉంది. అది రూ.625, జీఎస్టీ కలిపితే రూ.738. ఆ బిల్లులో అది లేదు, తర్వాతి బిల్లులో వచ్చింది. కార్డే లేదు కదా అని ఆ బిల్లు తెరిచి చూసి ఉండడు. గడువు దాటింది, లేట్ ఫీజు రూ.500, దాని మీద జీఎస్టీ రూ.90, పైన ఇంకో నెల వడ్డీ. ఇలా పదమూడు వందలు దాటింది. నెలల తరబడి బాకీ మోసిన కార్డుకు ఈ తోక వడ్డీ ఉంటుంది. అందుకే ఆఖరిసారి కట్టే ముందు బ్యాంకుకు ఫోన్ చేసి "ఈ రోజుకు పూర్తిగా తీర్చడానికి ఎంత కట్టాలి" అని అడగాలి.

ఇప్పుడు చేయాల్సింది, లేట్ ఫీజు తీసేయమని ఈమెయిల్‌లో అడగడం. మొత్తం బిల్లు కట్టిన మనిషి కాబట్టి మర్యాదగా అడిగితే చాలాసార్లు తీసేస్తారు. తీయకపోయినా ముందు కట్టేయమనండి, పదమూడు వందల కోసం సిబిల్, అంటే మన అప్పుల చరిత్ర రికార్డు, పాడు చేసుకోకూడదు, రేపు ఇంటి లోనుకు వెళ్లినప్పుడు అదే అడ్డం వస్తుంది. ఫోన్ చేసినవాళ్లు "సగం కట్టండి, సెటిల్ చేస్తాం" అంటే ఒప్పుకోవద్దు, రిపోర్టులో "సెటిల్డ్" అని పడితే ఏళ్ల తరబడి ఉంటుంది. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులోనే చెప్పింది, ఫోన్ వచ్చిన తేదీ, టైము రాసిపెట్టుకుని అదే ఈమెయిల్‌లో పెట్టండి.

బాకీ సున్నా అయ్యాక కార్డు రద్దు చేయమని విడిగా రాయాలి. ఏడు పనిదినాల్లో బ్యాంకు రద్దు చేయాలి, దాటితే రోజుకు రూ.500 చొప్పున మీవాడికే చెల్లించాలి. ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాయవచ్చు, వివరాలకు 14448కు ఫోన్ చేయండి. రద్దయినట్టు వచ్చిన మెయిల్‌ను ప్రింటు తీసి ఇంట్లో పెట్టుకోండి, ఒక నెల ఆగి సిబిల్ రిపోర్టు తీసి చూడమనండి, ఏడాదికి ఒకసారి ఉచితమే. అందులో ఆ కార్డు పక్కన "క్లోజ్డ్" అని కనబడే దాకా మళ్లీ మళ్లీ అడగండి.