రేడియేటర్ మార్చే ముందు ఫ్యాన్ చూడండి

మీరు అడిగింది ఇది: పన్నెండు టైర్ల లారీ, హైవే మీద టెంపరేచర్ ముల్లు సగం దాటదు, హయత్‌నగర్ జామ్‌లో పడితే ఎర్ర గీత దాకా పోతుంది. మెకానిక్ థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్‌కు నీళ్ల దారి తెరిచే వాల్వు) పీకేశాడు, అయినా తగ్గలేదు. ఇప్పుడు రేడియేటర్ మార్చమంటున్నాడు, మార్చాలా?

వద్దు. కనీసం ఇప్పుడే వద్దు. హైవే మీద 60లో పోయే బండికి గాలి దానంతటదే రేడియేటర్‌లోకి దూరుతుంది, ఫ్యాన్ సరిగా తిరుగుతోందో లేదో అక్కడ బయటపడదు. జామ్‌లో ఆ గాలంతా ఫ్యానే లాగాలి. రేడియేటర్ ట్యూబులు లోపల మూసుకుపోయిన బండి ఫుల్ లోడుతో శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు హీట్ అవుతుంది. మీ బండిది సరిగ్గా ఉల్టా. అంటే నీళ్ల మీద కన్నా ముందు గాలి మీదే అనుమానం పెట్టుకోవాలి.

ఇలాంటి బండి ఒకటి యాసంగి సీజన్‌లో మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలేది. మిల్లు గేటు ముందు మైళ్ల కొద్దీ లైను, పది అడుగులు కదలడం, ఆగడం. ఇంజిన్ ఆపితే మళ్లీ స్టార్ట్ చేయడం ఎందుకని ఐడిల్‌లోనే ఉంచేవారు. ముల్లు ఎర్రకెక్కేది. థర్మోస్టాట్ తీశారు, వాటర్ పంపు మార్చారు, చివరికి కొత్త రేడియేటర్ కూడా ఎక్కించారు. అయినా అదే తంతు. ముందు నుంచి చూస్తే ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది, రేడియేటర్ ముందు ఉంటుంది) రెక్కలు శుభ్రంగా మెరుస్తున్నాయి, రోజూ కడుగుతున్నారు మరి. అసలు సంగతి దాని వెనకాల ఉంది. ఇంటర్‌కూలర్ బోల్టులు వదులు చేసి ముందుకు వంచి చూస్తే, దానికీ రేడియేటర్‌కీ మధ్య సందులో వేలు మందాన వడ్ల పొట్టు, దుమ్ము. ఇంజిన్ బ్రీదర్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి తగిలి అదంతా అల్లిన చాపలా గట్టిపడింది. కొత్త రేడియేటర్ పెట్టినవాళ్లు కింది భాగంలో ఇరుక్కున్న ఆ చెత్త జోలికే పోలేదు. అది తీసి, ఫ్యాన్‌ను ఇంజిన్‌కు కలిపే ఫ్యాన్ క్లచ్ మార్చాక బండి అదే లైనులో మామూలుగా నిలబడింది. పత్తి తోలే బళ్లలోనూ ఇంతే. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో చలికాలంలో పట్టిన దూది మే నెలలో కదా తెలిసేది!

కాబట్టి మొదటి పని ఆ సందులోకి టార్చి వేసి చూడటం. కడిగేటప్పుడు ఫ్యాన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాలి, ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది. వాటర్ సర్వీసింగ్ కుర్రాళ్లు ప్రెజర్ గన్ అడుగు దూరం నుంచి అడ్డంగా కొట్టి రెక్కలన్నీ వంచేస్తారు. వంగిన రెక్కలోంచి గాలి పోదు. మామూలు పైపు నీళ్లు, ఆయిల్ జిడ్డు ఉంటే సబ్బు నీళ్లు, కాస్త ఓపిక చాలు. పైగా 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 (మూడున్నర టన్నులు దాటిన) లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది. ఏసీ కండెన్సర్ రేడియేటర్ ముందే ఉన్న మోడళ్లలో శుభ్రం చేయాల్సిన పొర ఇంకొకటి పెరిగినట్టే.

రెండోది ఫ్యాన్ క్లచ్. విస్కస్ ఫ్యాన్ లోపల సిలికాన్ ఆయిల్ ఉంటుంది. రేడియేటర్‌లోంచి వచ్చే గాలి సుమారు 60, 70 డిగ్రీలకు చేరితే ముందున్న బైమెటల్ పట్టీ వంగి లోపలి వాల్వు తెరుస్తుంది, ఆయిల్ చేరి ఫ్యాన్ జారకుండా ఇంజిన్‌తో పాటు బిగువుగా తిరుగుతుంది. ఆయిల్ కారిపోతే ఫ్యాన్ తిరుగుతున్నట్టే కనిపిస్తుంది కానీ గాలి లాగదు. ఐడిల్‌లో అసలే ఫ్యాన్ తిరిగేది తక్కువ, అందులోనూ జారిపోతే ఇక ఏం మిగులుతుంది?

పరీక్ష ఇలా. బండి బాగా వేడెక్కాక ఇంజిన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకోండి. చేతికి గ్లవ్స్ వేసుకుని ఫ్యాన్‌ను తిప్పండి. వేడి మీద బరువుగా, ఆగి ఆగి తిరగాలి. ఒక్క తోపుకి గిరగిరా రెండు మూడు చుట్లు తిరిగిందంటే క్లచ్ పోయినట్టే. రెక్క కొస పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి, ఆట ఉంటే బేరింగ్ పోయింది. క్లచ్ ముఖం మీద మధ్యనుంచి అంచుకు జిడ్డు చారలు ఉంటే ఆయిల్ కారుతోందని అర్థం. ఇంజిన్ నడుస్తుండగా పేపరు చుట్ట పెట్టి ఫ్యాన్ ఆపి చూసేవాళ్లు ఉన్నారు, ఆ పని మాత్రం చేయకండి. బీఎస్-6 బళ్లలో చాలావాటికి ఈ క్లచ్‌కు వైరు ఉంటుంది, ఆ కనెక్టర్ ఊడిందేమో చూసి స్కానర్ కూడా పెట్టించాలి. క్లచ్‌ను బోల్టు కొట్టి శాశ్వతంగా బిగించేయడం దారిలో ఒక పూటకు సరే. అలాగే వదిలేస్తే డీజిల్ తాగుతుంది, బెల్టు అరుగుతుంది.

ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్ విరిగిందా, పని అయ్యాక బిగించకుండా షెడ్డులోనే వదిలేశారా చూడండి. అది లేకపోతే ఫ్యాన్ వెనకాల ఉన్న వేడి గాలినే మళ్లీ తిప్పుకుంటుంది. రెక్కల వెడల్పులో దాదాపు మూడింట రెండొంతులు ష్రౌడ్ లోపల ఉండాలి. ఇక బండి ముందు జాలీ సంగతి. రెక్సిన్ పరదాలు, పెద్ద పేరు బోర్డు, నాలుగు అదనపు లైట్లు, పూలదండలు, అన్నీ సరిగ్గా గాలి దూరే చోటే! దిష్టికి నిమ్మకాయ కట్టుకోండి, కాదనను, జాలీ మొత్తం కప్పేయకండి.

కొలిచి చూడాలంటే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చాలు. హీట్ ఎక్కినప్పుడు పై హోస్, కింది హోస్ రెండూ చూడండి. పైన 98, కింద 95 ఉంటే నీళ్లు తిరుగుతున్నాయి, గాలే వేడిని తీసుకుపోవడం లేదు. పైన 98 ఉండి కింద 70 ఉంటే నీళ్లు నెమ్మదిగా తిరుగుతున్నాయి. అప్పుడు పంపు, బెల్టు, కింది హోస్ ముడుచుకుపోవడం, ట్యూబుల్లో సున్నం, వీటిని అనుమానించాలి. ముల్లు ఎర్రలో ఉండి థర్మామీటర్ 88 చూపిస్తే సెన్సర్‌నో, ఎర్త్ వైరునో చూడండి.

ఇప్పుడు థర్మోస్టాట్. ఎండాకాలం రాగానే దాన్ని పీకేయడం మన షెడ్లలో ఆచారంలా తయారైంది. చాలా డీజిల్ ఇంజిన్లలో దానికి రెండు పళ్లేలు ఉంటాయి. వేడెక్కినప్పుడు పైది రేడియేటర్ దారి తెరుస్తుంది, కిందది బైపాస్ దారి మూస్తుంది. పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నీళ్లలో కొంత రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి పోతుంది. అంటే జామ్‌లో ఇంకా ఎక్కువ హీట్. చలికాలం పొద్దున మాత్రం ఇంజిన్ వేడెక్కదు, లైనర్లు అరుగుతాయి, బీఎస్-6 అయితే డీపీఎఫ్ రీజనరేషన్ (పొగ ఫిల్టర్‌లో పట్టిన మసిని కాల్చేయడం) సరిగా జరగదు. అనుమానం ఉంటే గిన్నెలో నీళ్లు కాచి అందులో వేలాడదీసి చూడండి. దాని మీద రాసిన డిగ్రీ, మామూలుగా 80 దరిదాపుల్లో, తెరుచుకోవడం మొదలవ్వాలి. తెరుచుకోకపోతే కొత్తది వేయించండి, ఖాళీగా వదలకండి.

నీళ్ల విషయంలో ఒక్క మాట. నల్లగొండ వైపు బోరు నీళ్లు పోసి, రంగు కోసం ఆకుపచ్చ డబ్బా కలిపితే అది కూలెంట్ కాదు. కాన్సంట్రేట్ అయితే డిస్టిల్డ్ వాటర్‌తో 50:50, రెడీమిక్స్ అయితే ఏమీ కలపకుండా. వెట్ లైనర్ (సిలిండర్ లైనర్‌కు బయట నేరుగా నీళ్లు తగిలే) ఇంజిన్లలో తగిన రసాయనాలు లేని నీళ్లు లైనర్ బయటి వైపు సన్నటి గుంటలు పెడతాయి, చివరికి నీళ్లు ఆయిల్‌లో కలుస్తాయి. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూడండి. 0.9 బార్ ఒత్తిడి నిలిపే మూత ఉంటే ఉత్త నీళ్లు సైతం దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు పోతే 100కే ఆవిరి.

జామ్‌లో ముల్లు ఎక్కుతుంటే ఏసీ ఆపి, న్యూట్రల్‌లో వేసి 1200 ఆర్‌పీఎం దగ్గర కాసేపు ఉంచండి. తగ్గితే ఫ్యాన్, పంపు కొంతైనా పనిచేస్తున్నట్టు. తగ్గకుండా పెరుగుతూంటే, లేదా నీళ్లు కారుతుంటే పక్కకు తీసి ఆపేయండి. హోస్ నొక్కితే మెత్తగా అయ్యేదాకా మూత ముట్టుకోవద్దు, కాగే ఇంజిన్‌లో చన్నీళ్లు పోయొద్దు, హెడ్ పగులుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి, థర్మామీటర్‌తో రేడియేటర్ అంతా చూసినప్పుడు అక్కడక్కడా చల్లటి పట్టీలు కనిపిస్తే, అప్పుడు దించండి. రాగి, ఇత్తడిదైతే ట్యాంకు విప్పి రాడింగ్ (ట్యూబుల్లోకి కడ్డీ దూర్చి శుభ్రం) చేయించొచ్చు. అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకుదైతే రాడింగ్ కుదరదు, మీ మెకానిక్ చెప్పినట్టు కొత్తదే.