కన్వీనర్ సీటా, 22 లక్షల ప్రైవేటు యూనివర్సిటీయా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నేను రైస్ మిల్లులో మేనేజరుగా పనిచేస్తున్నాను, నా భార్య ప్రభుత్వ పాఠశాలలో టీచరు. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 95 వేలు చేతికొస్తాయి, అందులో 22 వేలు ఇంటి అప్పు వాయిదాకు పోతుంది. మా అమ్మాయికి ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మొదటి విడతలో హైదరాబాద్ శివారులోని ఒక కాలేజీలో కన్వీనర్ కోటా (ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లు) కింద ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) సీటు వచ్చింది. ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి 2 లక్షలవుతుంది. తను మాత్రం ఒక ప్రైవేటు యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదువుతానంటోంది. అక్కడ ఏడాదికి ఫీజు 3.9 లక్షలు, హాస్టల్ 1.6 లక్షలు, నాలుగేళ్లకు 22 లక్షలు. అడ్వాన్సుగా 50 వేలు కట్టేశాం. చదువు కోసం దాచినది 8 లక్షలుంది, మిగతా 14 లక్షలు విద్యారుణం తీసుకోవాలనుకుంటున్నాం. అమ్మాయి పెళ్లి కోసమని కొన్న 150 గజాల ప్లాటు ఉంది. అబ్బాయి ఇప్పుడు పదో తరగతి. ఇంత ఖర్చు పెట్టవచ్చునా?

జవాబు: మీరు పంపిన అంకెలను బట్టి, ఆ 14 లక్షల అప్పు చేయవద్దనే నా సలహా. అయితే ఇది ఆ యూనివర్సిటీ మంచిదా కాదా అన్న తీర్పు కాదు. ఒకటి రెండు వివరాలు తెప్పించుకుని చూశాక ఈ సలహా మారే అవకాశం కూడా ఉంది, వాటిని కింద చెబుతాను. కన్వీనర్ సీటుకు నాలుగేళ్లకు అయ్యే 8 లక్షలు మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి కనుక, లెక్క వేయవలసినదల్లా పైన పడే 14 లక్షల గురించే: ఆ అదనపు సొమ్ము ఖర్చు పెడితే అమ్మాయికి అదనంగా ఎంత జీతం రావాలి, అది వచ్చే అవకాశం ఎంత?

ముందు అప్పు సంగతి చూద్దాం. ఏటా మూడున్నర లక్షల చొప్పున నాలుగేళ్లు తీసుకుంటారనీ, వడ్డీ 10.5 శాతమనీ అనుకుందాం. చదువు సాగే నాలుగేళ్లూ, ఆ తరువాత ఒక ఏడాదీ వాయిదాలు కట్టనక్కరలేదు. ఈ మారటోరియం కాలంలో బ్యాంకులు సాధారణంగా బారువడ్డీయే లెక్కిస్తాయి. అయినా, మొదటి ఏడాది తీసుకున్న సొమ్ము మీద అయిదేళ్ల వడ్డీ, రెండో ఏడాది సొమ్ము మీద నాలుగేళ్ల వడ్డీ, ఇలా కూడుతూ పోతే వాయిదాలు మొదలయ్యే నాటికి 5 లక్షల 14 వేలు పేరుకుని, అసలు 19 లక్షల 14 వేలవుతుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 25,800 రూపాయలు కట్టాలి. మొత్తం మీద 14 లక్షల అప్పుకు 31 లక్షలు కట్టినట్టు. గడువు పదిహేనేళ్లకు పెంచుకుంటే వాయిదా 21,200కు తగ్గుతుంది గానీ కట్టే మొత్తం 38 లక్షలకు చేరుతుంది. ఇదంతా ఫీజు నాలుగేళ్లూ పెరగదనుకుని వేసిన లెక్క. కన్వీనర్ కోటా ఫీజుల మీద రాష్ట్రంలో ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ ఉంది. ప్రైవేటు యూనివర్సిటీ తన ఫీజును తానే నిర్ణయించుకుంటుంది. ఏటా 5 శాతం పెంచినా ఒక్క ట్యూషన్ ఫీజులోనే మరో 1 లక్షా 20 వేలు తోడవుతుంది. కనుక పెంపు ఎంత ఉండవచ్చునో ఆ అడ్మిషన్ ఆఫీసులో నోటిమాటగా కాక కాగితం మీద రాయించుకోండి.

ఇప్పుడు ఈ 25,800ను జీతం పక్కన పెట్టి చూడండి. పెద్ద ఐటీ సేవల కంపెనీలు కొత్తగా చేరే ఇంజనీరుకు ఏళ్ల తరబడి ఇస్తూ వస్తున్నది ఏడాదికి సుమారు మూడున్నర లక్షలు. అందులో పీఎఫ్, గ్రాట్యుటీ, వృత్తిపన్ను లాంటివి పోగా నెలకు చేతికొచ్చేది దాదాపు 25 వేలు. అంటే జీతం మొత్తం వాయిదాకే సరిపోతుంది, హైదరాబాద్‌లో హాస్టల్ అద్దెకూ బస్ పాస్‌కూ మళ్లీ మీరే డబ్బు పంపాలి. చేతికొచ్చే జీతంలో మూడో వంతుకు మించి అప్పు వాయిదా ఉండకూడదని నేను పెట్టుకునే హద్దు. ఆ హద్దు ప్రకారం అమ్మాయికి నెలకు 77 వేలు చేతికి రావాలి, అంటే ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే దాదాపు పదిన్నర లక్షల ప్యాకేజీ కావాలి. అలాంటి ఉద్యోగాలు లేవని నేను అనను. ఆ క్యాంపస్‌లో ఎంతమందికి వస్తున్నాయన్నదే తెలుసుకోవాలి.

దానికి బ్రోచర్లూ, రోడ్డు పక్కన హోర్డింగులూ పనికిరావు. వాటి మీద ఉండే అత్యధిక ప్యాకేజీ ఒక్క విద్యార్థిది. సగటు ప్యాకేజీ అలాంటి నలుగురైదుగురి వల్ల పైకి లేచినది. ఇచ్చిన ఆఫర్ల సంఖ్యలో ఒకే విద్యార్థికి వచ్చిన రెండు మూడు ఆఫర్లు విడివిడిగా లెక్కకు వస్తాయి. దీనికన్నా నమ్మదగిన చోటు ఒకటి ఉంది. కేంద్ర విద్యాశాఖ ఏటా ప్రకటించే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం దరఖాస్తు చేసే ప్రతి విద్యాసంస్థా తాను సమర్పించిన వివరాలను తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ పత్రంలో నాలుగేళ్ల యూజీ (డిగ్రీ స్థాయి) కోర్సు కింద ఒక పట్టిక ఉంటుంది: ఎందరు చేరారు, నిర్ణీత కాలంలో ఎందరు పట్టా పొందారు, ఎందరికి ఉద్యోగాలొచ్చాయి, ఆ ఉద్యోగాల్లో మీడియన్ వేతనం ఎంత, ఎందరు పైచదువులకు వెళ్లారు. మీడియన్ అంటే ఉద్యోగం వచ్చినవారిని జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉండే విద్యార్థి జీతం.

ఈ పట్టికను జాగ్రత్తగా చదవాలి. ఉదాహరణకు ఒక కాలేజీలో 1,000 మంది పట్టా పొందారని, 620 మందికి ఉద్యోగాలొచ్చాయని, 90 మంది పైచదువులకు వెళ్లారని, మీడియన్ 5 లక్షలని ఉందనుకోండి. ఆ 5 లక్షలు 620 మందిలో 310వ విద్యార్థి జీతం మాత్రమే. పైచదువులకు వెళ్లినవారిని తీసేస్తే మిగిలిన 910 మందిలో నడిమి విద్యార్థి స్థానం 455. ఆ స్థానంలో ఉన్నవారి జీతం 5 లక్షల కన్నా తక్కువే ఉంటుంది, ఎంత తక్కువో పట్టిక చెప్పదు. మీ అమ్మాయి తెలివైనదే కావచ్చు, కానీ అప్పు చేసేటప్పుడు పైవరుసలో నిలుస్తుందనుకుని కాక, నడిమి విద్యార్థిగా నిలుస్తుందనుకుని లెక్క వేసుకోవాలి. పైగా ఆ పట్టికలో బీటెక్ బ్రాంచీలన్నీ కలిసి ఉంటాయి, కంప్యూటర్ సైన్స్ ఒక్కదానికే విడిగా ఉండదు. అందుకే ప్లేస్‌మెంట్ ఆఫీసును బ్రాంచివారీగా అడగండి. ఏ కంపెనీ ఎంతమందిని తీసుకుందో పేర్లతో చెప్పగలిగితే ఆ లెక్కకు కొంత విలువ ఇవ్వవచ్చు. ఆఫర్ లెటర్ చేతికి రావడం వేరు, ఉద్యోగంలో చేరడం వేరు అని కూడా గుర్తుంచుకోండి: 2022లో పట్టా పొందినవారిలో కొందరు ఆఫర్ వచ్చాక ఏడాదికి పైగా జాయినింగ్ తేదీ కోసం ఎదురుచూశారు. బ్యాంకు మారటోరియం మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

ఇదే పట్టికను కన్వీనర్ సీటు వచ్చిన కాలేజీకి కూడా తీసి చూడండి, ఎందుకంటే తక్కువ ఫీజు అన్నంత మాత్రాన అది లాభమని అనుకోకూడదు. అక్కడ పట్టా పొందినవారిలో పాతిక శాతానికి కూడా ఉద్యోగాలు రావడం లేదంటే ఆ 8 లక్షలూ ప్రమాదంలో ఉన్నట్టే, అప్పుడు మీరు తరువాతి విడతల్లో వేరే కాలేజీలకు ఆప్షన్లు పెట్టుకోవలసి ఉంటుంది. హైదరాబాద్ చుట్టూ ఉండాలన్న పట్టుదల వదిలితే నాచుపల్లి, మంథని, సుల్తాన్‌పూర్‌లలో జేఎన్‌టీయూహెచ్ సొంత కాలేజీలు ఉన్నాయి. ఊరికి దూరమని చాలామంది వీటిని జాబితా అడుగున పెడతారు, అది తొందరపాటని నా అభిప్రాయం. ఈసీఈ చదివితే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాదన్న భయమూ అక్కరలేదు. క్యాంపస్‌కు వచ్చే ఐటీ కంపెనీల్లో చాలావరకు ఈసీఈ విద్యార్థులను కూడా పరీక్షకు కూర్చోనిస్తాయి, కోడింగ్ వచ్చా రాదా అన్నదే చూస్తాయి.

రెండు పట్టికలూ చేతిలోకి వచ్చాక చేయవలసిన లెక్క చిన్నదే. 25,800ను పన్నెండుతో గుణిస్తే ఏడాదికి 3 లక్షల 10 వేలు. ప్రైవేటు యూనివర్సిటీలోని నడిమి విద్యార్థికి చేతికొచ్చే జీతం కన్వీనర్ కాలేజీలోని నడిమి విద్యార్థి కన్నా ఏటా కనీసం అంత ఎక్కువ ఉండి, ఆ తేడా పదేళ్ల పాటు నిలిస్తే, అప్పు తనను తాను తీర్చుకుంటుంది. అంతకన్నా తక్కువైతే నష్టం. నాలుగైదేళ్ల అనుభవం వచ్చాక చదివిన కాలేజీ కన్నా చేసిన పనికే విలువ పెరుగుతుంది కనుక మొదట్లో ఉన్న తేడా పదేళ్ల దాకా చెక్కుచెదరకుండా ఉంటుందని నేను నమ్మను. మొదటి ఉద్యోగం మంచి కంపెనీలో దొరికితే తరువాతి జీతాలన్నీ ఆ మెట్టు నుంచే పెరుగుతాయని వాదించేవారూ ఉన్నారు. అందులో నిజం లేకపోలేదు, కానీ ఆ నమ్మకంతో ప్లాటును తనఖా పెట్టమని నేను చెప్పలేను. తనఖా అని ఊరకే అనలేదు. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి, కొన్ని పేరున్న సంస్థలను మినహాయిస్తే, బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి.

రాయితీల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. పీఎం విద్యాలక్ష్మి పథకంలో మారటోరియం కాలానికి ఇచ్చే 3 శాతం వడ్డీ రాయితీ ఏడాది ఆదాయం 8 లక్షల లోపు ఉన్న కుటుంబాలకే, మీది ఆ గీత దాటింది. విద్యారుణం వడ్డీకి పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. కొత్త విధానంలో జీతగాళ్లకు 12 లక్షల 75 వేల వరకు పన్నే పడని ఈ రోజుల్లో, కొత్తగా ఉద్యోగంలో చేరే అమ్మాయికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఆడపిల్లలకు చాలా ప్రభుత్వ బ్యాంకులు వడ్డీలో అర శాతం తగ్గిస్తాయి, అది మాత్రం అడిగి తీసుకోదగినదే.

ఇక మీ ఉత్తరంలో మీరు ఒక్క మాటలో దాటేసిన అమ్మాయి పెళ్లి విషయం మీద నేను కాస్త ఆగుతాను. ఈ అప్పు అమ్మాయి పేరున ఉంటుంది, మీరు సహ రుణగ్రహీత. వాయిదాలు ఆమె 23వ ఏట మొదలై 33వ ఏట ముగుస్తాయి. ఆ మధ్యలోనే పెళ్లి మాటలు వస్తాయి. నెలకు 25 వేల వాయిదా ఉన్నదని అవతలివారికి చెబుతారా, పెళ్లయ్యాక అది ఎవరు కడతారు, ప్లాటు బ్యాంకులో ఉంటే పెళ్లి ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది అన్నవి ఇప్పుడే ఇంట్లో అమ్మాయిని కూర్చోబెట్టుకుని మాట్లాడుకోవలసిన సంగతులు. ఎక్కడైనా రెండు మూడు వాయిదాలు తప్పితే ఆమెదీ, మీదీ ఇద్దరి సిబిల్ స్కోరూ (కొత్త అప్పు ఇచ్చేముందు బ్యాంకులు చూసే మార్కు) దెబ్బతింటుంది. బీటెక్ తరువాత అమెరికాలో ఎంఎస్ ఆలోచన ఆమె మనసులో ఉంటే, మన దగ్గర చాలామంది పిల్లలకు ఉంటుంది, అప్పుడు తనఖాకు పనికొచ్చే ఆ ఒక్క ఆస్తినీ ఇప్పుడే వాడేసినట్టవుతుంది. అబ్బాయి సంగతి సరేసరి: పదోతరగతి, ఇంటర్ పూర్తయి అతను ఇంజనీరింగ్‌లో చేరే ఏడాది, అక్క చివరి ఏడాది ఫీజు కట్టే ఏడాది ఒకటే అవుతుంది.

నా సలహా మారే సందర్భాలు రెండు. ఎప్‌సెట్ లేదా జేఈఈ ర్యాంకు మీద ఆ యూనివర్సిటీ ఫీజులో సగమైనా తగ్గిస్తే అప్పు ఆరు లక్షల దగ్గర ఆగుతుంది, పదేళ్ల వాయిదా 11 వేల చిల్లర అవుతుంది. అది మామూలు జీతంతోనూ కాస్త కష్టపడి మోయగల బరువు. అయితే ఆ రాయితీ నిలవాలంటే ఏటా ఎంత సీజీపీఏ (మార్కుల సగటు) రావాలో నిబంధన చదవండి, రెండో ఏడాదిలో దాన్ని పోగొట్టుకునేవారు ఉంటారు. రెండోది, కంప్యూటర్ సైన్స్ బ్రాంచిలో నడిమి విద్యార్థి జీతం పది లక్షల పైనే ఉందని వాళ్లు లెక్కతో చూపగలిగితే. అప్పుడైనా మొత్తం అప్పు మీదనే నడవకుండా, చదువు సాగుతుండగానే నెలనెలా వడ్డీ కట్టేయండి. మొదటి ఏడాది నెలకు 3,060తో మొదలై నాలుగో ఏడాదికి 12,250 అవుతుంది, ఉద్యోగం వచ్చాక వాయిదా 18,900 దగ్గర నిలుస్తుంది. ప్లాటు ధర ఏటా పది శాతం పెరగడం లేదని మీకు తోస్తే, దాన్ని తనఖా పెట్టి 10.5 శాతం వడ్డీ కట్టడం కన్నా అమ్మేసి కట్టడమే చవక. ఈ మాట చాలామంది తండ్రులకు రుచించదని తెలిసే చెబుతున్నాను.

కట్టిన 50 వేల అడ్వాన్సును ఈ నిర్ణయంలోకి రానివ్వకండి, 50 వేలు పోతాయేమోనన్న బెంగతో 14 లక్షలు తలకెత్తుకోవడం తగదు. సీటు వదులుకున్నవారికి ఫీజు వాపసు మీద యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) ఏటా గడువులు ప్రకటిస్తుంది. 2024-25లో సెప్టెంబరు 30 లోపు రద్దు చేసుకున్నవారికి పూర్తి ఫీజు తిరిగి ఇవ్వాలని చెప్పింది. ఈ ఏటి సర్క్యులరు చూసి, రద్దు కోరుతూ ఈమెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలించి తిరిగి ఇవ్వాలే తప్ప కాలేజీ దగ్గర పెట్టుకోకూడదు కనుక, అవి అక్కడుంటే ముందు వెనక్కి తీసుకోండి.

ఉన్న 8 లక్షలలో మొదటి ఏడాదికి కావలసిన 2 లక్షలు సేవింగ్స్ ఖాతాలో ఉంచి, మిగతా ఆరు లక్షలను ఒకటి, రెండు, మూడేళ్ల గడువుతో మూడు ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేయండి. ఫీజు కట్టే నెలకు కాస్త ముందు గడువు తీరేలా చూసుకోండి. మూడేళ్లలో కావలసిన సొమ్మును షేర్లలో గానీ ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లలో గానీ పెట్టవద్దు. నెలనెలా మిగిలే సొమ్ముతో అబ్బాయి పేరు చెప్పుకుని ఒక రికరింగ్ డిపాజిట్ ఈ నెల నుంచే మొదలుపెట్టండి. కన్వీనర్ సీటుకు ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి, సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నట్టు ఆన్‌లైన్‌లో తెలపడం) గడువులోగా పూర్తి చేయకపోతే ఆ సీటు రద్దవుతుంది. కనుక యూనివర్సిటీ వాపసు సంగతి తేలేదాకా ఆగకుండా ఆ పని ముందు ముగించండి.