సైన్స్ టీచర్లకు ఎలాంటి శిక్షణ ఇస్తే పిల్లలు ఇంజనీరింగ్ వైపు వస్తారు?

విజయవాడ, గుంటూరు హైస్కూల్ టీచర్లకు ఏ శిక్షణ ఇస్తే పిల్లలు సైన్స్, ఇంజనీరింగ్ వైపు ఇష్టంగా వస్తారన్నది మీ ప్రశ్న. నా మట్టుకు, ఉపన్యాసాలు తగ్గించి టీచర్ల చేతనే ప్రయోగాలు చేయించాలి.

ఒక ప్లాస్టిక్ సీసాకు కింద, మధ్యలో, పైన చిల్లులు పెట్టి, టేపు అంటించి, నీళ్లు నింపమనండి. ఏ ధార జోరుగా వస్తుందో ముందే ఊహించి రాశాకే టేపు తీయాలి. అడుగు ధారే జోరుగా దూకుతుంది. పైనున్న నీటి బరువు వల్ల లోతుకు వెళ్లేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, మీటరుకు సుమారు 9.8 కిలోపాస్కల్స్ చొప్పున. అక్కడినుంచి నేరుగా 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీకి తీసుకెళ్లి, గేటు మీద నీరు ఎంత బలంతో నెడుతుందో పిల్లల చేత లెక్క కట్టించవచ్చు. ముందు ఊహ, తర్వాత పరీక్ష అనే ఈ అలవాటు టీచరుకు పట్టుబడితే క్లాసు తీరే మారిపోతుంది.

ఇక దారుల సంగతి. మన దగ్గర ఇంజనీరింగ్ అంటే ఇంటర్, ఈఏపీసెట్ కోచింగే అనుకుంటారు. పదో తరగతి మార్కులతో నూజివీడు ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల కోర్సు ఉందని, పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరవచ్చని టీచరే ఇంటివాళ్లకు చెప్పాలి, ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులకు.

శిక్షణ రెండు రోజులతో వదిలేయకండి. చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఎవరి క్లాసులో ఏం కుదిరిందో, ఏం కుదరలేదో మాట్లాడుకోనివ్వండి.