నలుగురు కలిసి లెక్కలు చేస్తే లాభమా, నష్టమా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. సాయంత్రం పూట ముగ్గురు స్నేహితులతో కూర్చుని లెక్కలు చేస్తున్నాడు. కాలక్షేపమేమో అనిపిస్తోంది. మాన్పించమంటారా?

జవాబు: మాన్పించకండి. కూర్చునే పద్ధతి మాత్రం మార్చమనండి.

ఒక లెక్క చూడండి. రెండు నాణేలు ఎగరేశారు. కనీసం ఒకటి బొమ్మ పడిందని తెలుసు. రెండూ బొమ్మలే అయ్యే సంభావ్యత ఎంత? చురుకైన కుర్రాడు లెక్క పూర్తిగా వినకుండానే ‘సగం’ అంటాడు. మిగతా ఇద్దరూ తలూపుతారు. నాలుగోవాడు బొమ్మ-బొమ్మ, బొమ్మ-బొరుసు, బొరుసు-బొమ్మ అని రాసుకుని 1/3 తెచ్చినా, ముగ్గురు ఒక మాట మీద ఉన్నారు కదా అని కొట్టేస్తాడు. వాడిదే సరైన జవాబు.

నలుగురి తెలివి ఒకరి తెలివికన్నా మేలంటూ తరచూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. 1906లో ఇంగ్లండులోని ప్లిమత్ సంతలో ఒక ఎద్దును కోసి శుభ్రం చేశాక ఎంత తూగుతుందో ఊహించే పందెం పెట్టారు. 787 చీటీలను ఇంగ్లిషు శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ పరిశీలిస్తే మధ్య విలువ 1,207 పౌండ్లు. అసలు బరువు 1,198. అయితే అక్కడ ఎవరి చీటీ వారు రాశారు, ఎక్కువ చెప్పినవారి తప్పూ తక్కువ చెప్పినవారి తప్పూ చెల్లుకు చెల్లయ్యాయి. సంభావ్యత లెక్కకు ఆ సగటు పనికిరాదు. అక్కడ కావలసింది రుజువు.

కాబట్టి ముందు పది నిమిషాలు ఎవరి కాగితం మీద వారే, నోరు మెదపకుండా చేయాలి. జవాబులు పక్కపక్కన పెట్టాలి. తేడా వచ్చిన లెక్క దగ్గరే మాటలు మొదలవ్వాలి, అదీ ఒంటరిగా మిగిలినవాడితో. జట్లు కలిసి పనిచేసే తీరు మీద 2010లో అమెరికా పరిశోధకురాలు అనితా వూలీ, ఆమె సహచరులు చేసిన అధ్యయనంలోనూ, సభ్యులందరికీ మాట్లాడే వంతు సమానంగా దక్కిన బృందాలే మెరుగ్గా నెగ్గుకొచ్చాయి. సభ్యుల సగటు తెలివితేటలకు అంత ప్రభావం కనబడలేదు.

వేగం మాత్రం జట్టులో రాదు. ఇంజనీరింగ్ ఈఏపీసెట్‌లో మూడు గంటలకు 160 ప్రశ్నలు, ఒక్కోదానికి నిమిషం పైచిలుకు. మోడల్ పేపర్లు గడియారం పెట్టుకుని ఒక్కడే రాయాలి. తప్పులు పట్టుకుని సాయంత్రం స్నేహితుల దగ్గరికి వెళ్లనివ్వండి.

ఒకరోజు మీరే టీ ఇచ్చే నెపంతో ఆ గదిలోకి వెళ్లి చూడండి. మీవాడి పెన్ను ఎప్పుడూ కదలకపోయినా, వాడొక్కడి పెన్నే కదులుతున్నా, ఆ జట్టును మార్చమనండి.